బొమ్మ నోట మన మాట



ప్రసంగం మొదలుపెట్టే ముందు మీచేత ఒక చిన్న పని చేయించాలని ఉంది. దగ్గరలో అద్దం ఉంటే ముందు పెట్టుకోండి. లేకపోతే చూపుడు వేలును పెదవులకు అడ్డంగా ఆనించుకోండి. ఇప్పుడు 'పాలు' అనండి. పెదవులు ఒకసారి కలిసి విడిపోయాయి కదా! ఇప్పుడు ఆ పెదవులు కలవనివ్వకుండా అదే మాట అనడానికి ప్రయత్నించండి. ఎంత ప్రయాసపడ్డా రాదు. 'ఆలు' అనో, 'హాలు' అనో వస్తుంది. కన్నడం తెలిసిన శ్రోతలు ఈపాటికి నవ్వుకొని ఉంటారు. కన్నడంలో పాలను 'హాలు' అనే అంటారు. ఆ మాట చెప్పడానికి వాళ్లకు పెదవులు కలిపే అవసరమే లేదు.

ఈ చిన్న తేడా మీదే ఈనాటి నా ప్రసంగం. టెలివిజన్‌లోను, సినిమాల్లోను మాట్లాడే బొమ్మలు ఉన్నాయి. పిల్లలు వాటిని కార్టూన్లు అంటారు, పెద్దలు యానిమేషన్ అంటారు. ఆ బొమ్మల నోటి కదలికను మనిషి గొంతుతో ఎలా జతపరుస్తారు? ఒక భాషకు గీసిన నోట్లో మరో భాష పెడితే ఏమవుతుంది? ఇంట్లో తెలుగు, బయట మరో భాష మాట్లాడుకునే మనలాంటి వాళ్లకు ఇందులో పట్టించుకోవలసిన సంగతి ఏమిటి? ఇవే నేను చెప్పదలచుకున్నవి.

నాకు ఈ విషయం మీద ధ్యాస కలిగించినవాడు మా మనవడు. వాడికి ఏడేళ్లు. ఒక సాయంత్రం బొమ్మల చిత్రం చూస్తూ చూస్తూ, "తాతా, ఎలుగుబంటి నోరు మూసేసింది. మాట ఇంకా వస్తూనే ఉంది. ఎవరు మాట్లాడుతున్నారు?" అని అడిగాడు. నేనూ చూశాను. నిజమే. ఎలుగుబంటి చెప్పవలసింది చెప్పి ఊరుకుంది. తెలుగు మాత్రం మరో రెండు మాటలు సాగింది. అంతకుముందు ఎన్నోసార్లు చూసి ఉంటాను, నా కంటికి ఆనలేదు. వాడి కంటికి ఆనింది.

పిల్లల కన్ను అంత చురుకైనది కావడానికి కారణం ఉంది. మనం మాటను చెవితోనే వింటామనుకుంటాం. కన్ను కూడా వింటుంది. 1976లో హ్యారీ మెగర్క్, జాన్ మెక్డొనాల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక చిత్రమైన సంగతి ప్రకటించారు. తెర మీద ఒకామె పెదవులు 'గా' అంటున్నట్టు కదులుతాయి. గొంతు మాత్రం 'బా' అంటుంది. చూసినవాళ్లలో చాలామందికి వినిపించింది 'గా' కాదు, 'బా' కూడా కాదు, 'డా'! కళ్లు మూసుకుంటే మళ్లీ 'బా' అని సరిగ్గా వినిపిస్తుంది. చెవి తెచ్చినదాన్ని, కన్ను తెచ్చినదాన్ని మెదడు కలిపి తనకు తోచిన మూడో మాట తయారుచేసుకుంటుందన్నమాట.

నోరు, మాట ఎంత దగ్గరగా కలవాలనే విషయంలో ప్రసార సంస్థలకు కొలతలు ఉన్నాయి. 1998లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఇచ్చిన లెక్క ఇలా ఉంది. ఒక సెకనును వెయ్యి భాగాలు చేస్తే, మాట నోటికన్నా 45 భాగాలు ముందు వస్తే చూసేవారు పసిగడతారు. అదే మాట వెనకబడితే 125 భాగాల దాకా పసిగట్టరు. ముందు వస్తే అంత పట్టింపు, వెనక వస్తే అంత ఓర్పు ఎందుకు? చెరువుకు అవతలి గట్టున బట్టలు ఉతికేవారిని గుర్తు తెచ్చుకోండి. గుడ్డ బండకు తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. మెరుపు ముందు, ఉరుము తర్వాత. చప్పుడు వెనక రావడం మనకు పుట్టినప్పటి నుంచి అలవాటే. చప్పుడు ముందు వచ్చి, దెబ్బ తర్వాత పడడం లోకంలో ఎక్కడా లేదు. అందుకే బొమ్మలు గీసేవాళ్లు నోటి ఆకారాన్ని మాటకన్నా ఒక పిసరు ముందే పెడతారు గాని వెనక పెట్టరు.

ఇక ఈ పని ఎలా చేస్తారో చూద్దాం. సినిమాలో ఒక సెకను కాలానికి 24 నిశ్చల చిత్రాలు కంటిముందు తిరుగుతాయి. వీటిని ఫ్రేములు అంటారు. మన దేశపు టెలివిజన్‌లో 25. మామూలుగా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల చొప్పున వాడుకుంటారు, అంటే సెకనుకు 12 బొమ్మలు. బాగా చేసే చోట పని మొదలయ్యేది బొమ్మతో కాదు, గొంతుతో. నటుడు ముందుగా సంభాషణ చెబుతాడు. దాన్ని రికార్డు చేస్తారు. తర్వాత ఒక మనిషి కూర్చుని ఆ ధ్వనిని ముందుకూ వెనక్కూ తిప్పుతూ, ఏ ఫ్రేములో ఏ శబ్దం ఉందో గళ్ల కాగితం మీద రాసుకుంటూ పోతాడు. ఆ కాగితాన్ని ఎక్స్‌పోజర్ షీట్ అంటారు. ఒకప్పుడు ధ్వని టేపును చేత్తో లాగి వినేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద ధ్వని కెరటాలుగా కనిపిస్తుంది. పని మాత్రం అదే. చిత్రకారుడు ఆ కాగితాన్ని ముందు పెట్టుకొని, అద్దంలో తన నోరు చూసుకుంటూ బొమ్మ నోరు గీస్తాడు.

ఒక వాక్యం తీసుకుందాం. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడిన పిల్ల, "అమ్మా, పాలు పొంగుతున్నాయి!" అని కేకవేసింది. సరిగ్గా రెండు సెకన్లు పట్టిందనుకోండి. అంటే 48 ఫ్రేములు. 'అమ్మా' అన్న పిలుపుకు 15. అందులో 'అ'కు 4, పెదవులు బిగిసిన 'మ్మ'కు 4, సాగదీసిన 'ఆ'కు 7. ఊపిరి తీసుకోవడానికి 3. 'పాలు'కు 10. 'పొంగుతున్నాయి'కి 20. మొత్తం 48. ఈ వాక్యంలో పెదవులు మూడుసార్లు కలుస్తాయి. 'మ్మ' దగ్గర ఒకసారి, 'పా' దగ్గర ఒకసారి, 'పొం' దగ్గర ఒకసారి. తక్కిన నోరు కొంచెం అటూ ఇటూ అయినా చూసేవాడు క్షమిస్తాడు. ఈ మూడు చోట్ల పెదవులు కలవకపోతే మాత్రం బొమ్మ అబద్ధమాడినట్టే.

ఇక్కడ తెలుగు ప్రత్యేకత ఒకటి ఉంది. 'ఆమె' అన్న మాటలో పెదవులు తాకీ తాకనట్టు కలిసి విడిపోతాయి. 'అమ్మ' అన్నప్పుడు కలిసి, కాసేపు ఆగి, విడిపోతాయి. ద్విత్వాక్షరాన్ని మన నోరు పట్టి ఉంచుతుంది. 'అప్పు', 'డబ్బు', 'గుమ్మం', 'కొబ్బరి' అని చూడండి. గీసేవాడికి ఈ సంగతి తెలియకపోతే అమ్మను ఆమెను చేసేస్తాడు.

ఎన్ని శబ్దాలుంటే అన్ని నోళ్లు గీయాలా అంటే, అక్కరలేదు. ఎనిమిదో తొమ్మిదో ఆకారాలుంటే చాలు. ప్రెస్టన్ బ్లెయిర్ అనే అమెరికన్ చిత్రకారుడు 1940లలో వేసిన పుస్తకాల్లో ఇలాంటి నోళ్ల పట్టిక ఉంది. ఆ పట్టిక ఇంగ్లీషు కోసం. మనకు అలాంటి పట్టిక కావాలంటే ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. పలక మీద దిద్దిన వర్ణమాలే ఆ పట్టిక. మన పూర్వులు అక్షరాలను నోటిలో పుట్టే చోటును బట్టి వరసలు కట్టారు. కంఠంలో పుట్టే 'క' వరుస, దవడల దగ్గర 'చ' వరుస, నాలుక మడిచి పలికే 'ట' వరుస, పళ్లకు తాకించే 'త' వరుస, చివరికి పెదవులతో పలికే 'ప' వరుస. గొంతు నుంచి బయలుదేరి పెదవుల దాకా వచ్చారు. బొమ్మ గీసేవాడు ఈ దారిని తిరగేసి చదువుకుంటే సరిపోతుంది. బయటికి కనిపించేవి ముందు, లోపల దాగేవి తర్వాత.

ప, ఫ, బ, భ, మ – పెదవులు మూయాలి. వ – కింది పెదవి పై పళ్ల దగ్గరకు పోవాలి. 'ఫ్యాను', 'ఫోను' వంటి పరభాషా పదాల్లోని 'ఫ' కూడా ఇలాంటిదే. ఉ, ఊ, ఒ, ఓ – పెదవులు సున్నా చుట్టాలి. ఇ, ఈ, ఎ, ఏ – పక్కలకు సాగాలి. అ, ఆ – దవడ దిగాలి. త, ద, న, ల – నాలుక పళ్ల వెనక కనీ కనిపించకుండా ఉండాలి. క, గ, చ, జ, ట, డ వంటివి లోపలి పనులు. వాటికి పళ్లు కొంచెం విడిన నోరు ఒకటి చాలు, పక్కనున్న అచ్చే ఆకారాన్ని నిర్ణయిస్తుంది. వీటికి తోడు మాట్లాడకుండా ఊరుకున్న నోరు ఒకటి. ఈ పట్టికతో తెలుగు ఒక్కటే కాదు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ కూడా గీయవచ్చు. ఆ భాషల వర్ణమాలలు కూడా ఇదే దారిలో నడిచేవి.

అనుభవజ్ఞులు పాటించే నియమాలు మరో రెండు ఉన్నాయి. మొదటిది, మూసిన పెదవులను కనీసం రెండు ఫ్రేములైనా ఉంచాలి. గొంతులో 'ప' అంతకన్నా వేగంగా పోయినా సరే, ముందున్న అచ్చులోంచి ఒక ఫ్రేము అప్పు తెచ్చి అయినా ఉంచాలి. లేకపోతే కంటికి అందదు. రెండవది, రాసిన అక్షరాన్ని కాక వినిపించిన పలుకును గీయాలి. పుస్తకంలో 'వస్తున్నాను' అని ఉంటుంది. నటుడు 'వస్తన్నా' అని ఉండవచ్చు. అలాంటప్పుడు లేని 'ను'కు పెదవులు చుట్టించడం పొరపాటు. ఈ రెండో నియమాన్ని మనసులో పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

నోటి గురించే ఇంతసేపు చెప్పాను గాని, నిజానికి మంచి చిత్రకారుడు నోటిని చివరకు గీస్తాడు. ముందు తల, భుజం, చెయ్యి, కన్ను మాట్లాడాలి. ఈ సంగతి మనకు కొత్తది కాదు. తోలుబొమ్మలాట చూసినవారిని అడగండి. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఈనాటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఆ తోలుబొమ్మకు చేతులు కదులుతాయి, తల కదులుతుంది. నోరు సాధారణంగా కదలదు. తెర వెనక మనిషి పద్యం అందుకొని బొమ్మ చెయ్యి ఎత్తితే చాలు, పద్యం రావణుడిదే అని ఊరంతా నమ్ముతుంది. బంగారక్క, జుట్టుపోలిగాడు తగవు పడుతుంటే, ఎవరి తల ఊగితే మాట వారిదే. సరిహద్దుకు అటు కర్ణాటకలో తొగలు గొంబెయాట చూసేవారికీ ఇదే అనుభవం. ఒళ్లు నిజం చెబుతుంటే కదలని నోటిని కూడా జనం నమ్ముతారు. ఒళ్లు బిగుసుకుపోయి నోరొక్కటే ఆడితే ఎంత కచ్చితంగా ఆడినా నమ్మరు.

బొమ్మకు మాట వచ్చిన కథ కూడా క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ బృందం 1926లోనే ఒక చిన్న చిత్రంలో కుక్క చేత మాటలు పలికించింది. 1928 నవంబరులో వాల్ట్ డిస్నీ 'స్టీమ్‌బోట్ విల్లీ' న్యూయార్కులో విడుదలయ్యాక ధ్వనితో జతకట్టిన బొమ్మల చిత్రానికి జనం నీరాజనం పట్టారు. మిక్కీ మౌస్ మొదటిసారి మాట పలికింది 1929లో. డిస్నీ వారు గొంతు ముందు, బొమ్మ తర్వాత అన్న పద్ధతిలో స్థిరపడ్డారు. 1933లో మొదలైన పొపాయ్ చిత్రాలకు ఫ్లైషర్ వారు మొదట్లో బొమ్మ ముందు గీసి గొంతు తర్వాత చేర్చేవారు. అందుకే పొపాయ్ పెదవి మెదపకుండానే ఏదో గొణుగుతూ ఉంటాడు. గొంతు ఇచ్చిన జాక్ మెర్సర్ వంటి నటులు తోచిన మాటలు అక్కడక్కడా ఇరికించేవారు. ఆ లోపమే పొపాయ్‌కి గుణమై కూర్చుంది.

టెలివిజన్ వచ్చాక డబ్బు, తీరిక రెండూ తగ్గాయి. 1950ల చివర హన్నా, బార్బెరా అనే జంట పొదుపు మార్గం కనిపెట్టింది. వారి యోగి బేర్ మెడకు పట్టీ, టై ఉంటాయి. అది సొగసు కోసం పెట్టింది కాదు. పట్టీ కింద ఒళ్లు కదలకుండా ఉంచి, పైన తలను, నోటిని మాత్రం మార్చుకోవడానికి అది అతుకు. 1959లో 'క్లచ్ కార్గో' అనే ధారావాహికలో మరీ తెగించి, కదలని బొమ్మ ముఖం మీద నిజం మనిషి పెదవులనే అతికించారు. పెదవులు మాటకు సరిగ్గానే కలిశాయి. చూడడానికి మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. జపాన్‌లో ఒసాము తెజుకా 1963లో 'ఆస్ట్రో బాయ్' మొదలుపెట్టినప్పుడు మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు – ఈ మూడింటితో సరిపెట్టే పద్ధతి స్థిరపడింది. అక్కడ బొమ్మ ముందు, గొంతు తర్వాత. 1988లో 'అకిరా' సినిమాకు మాత్రం గొంతులు ముందే రికార్డు చేసి, వాటికి తగ్గ నోళ్లు గీశారు.

ఇప్పుడు మన ఇళ్ల దగ్గరకు వద్దాం. హోసూరు, కృష్ణగిరి, బళ్లారి, కోలారు, పావగడ, బరంపురం, పర్లాకిమిడి, సిరోంచ – ఈ ఊళ్లలో ఒకే ఇంట్లో పిల్లవాడు బడిలో ఒక భాష, నాయనమ్మతో ఒక భాష, టెలివిజన్‌లో మరో భాష వింటాడు. హైదరాబాదులో తయారైన 'ఛోటా భీమ్' 2008లో పోగో ఛానెల్‌లో మొదలై పలు భాషల్లో వచ్చింది. 2025లో వచ్చిన 'మహావతార్ నరసింహ' ఒకేసారి హిందీ, తెలుగు, తమిళ, కన్నడ, మలయాళాల్లో విడుదలైంది. బొమ్మ ఒకటే, గొంతులు ఐదు.

ఎవరినైనా దగ్గరకు పిలిచే చిన్న మాట చూడండి. తెలుగులో 'రా'. తమిళంలో 'వా'. కన్నడంలో 'బా'. మరాఠీలో 'యే'. పసిపిల్లలను పిలిచేటప్పుడు ఒడియాలో 'ఆ'. 'రా', 'వా', 'బా' మూడింటికీ అచ్చు ఒక్కటే, మూడూ ఒకే అక్షరం. చెవికి అన్నదమ్ముల్లా ఉంటాయి. అద్దంలో చూస్తే మాత్రం వేరు వేరు. 'బా'కు పెదవులు మూసుకోవాలి. 'వా'కు కింది పెదవి పళ్లను చేరాలి. 'రా'కు పెదవులకు పనే లేదు. అలాగే 'పులి' తెలుగులోను, తమిళంలోను పులే. కన్నడంలో 'హులి'. మన 'పువ్వు' వాళ్ల 'హూవు'. పాత కన్నడంలోని 'ప' చాలా మాటల్లో 'హ'గా మారిపోయింది. ఇందాకటి పిల్ల కన్నడంలో కేకవేస్తే, "అమ్మా, హాలు ఉక్కుత్తిదె!" అంటుంది. 'అమ్మా' తర్వాత పెదవులు ఒక్కసారి కూడా కలవవు. కన్నడానికి గీసిన ఆ నోట్లో మన తెలుగు పెడితే, 'పా' అన్నప్పుడు, 'పొం' అన్నప్పుడు పెదవులు తెరుచుకునే ఉంటాయి. ప్రసంగం మొదట్లో మీరు చేయలేకపోయిన పనిని ఆ బొమ్మ చేసేస్తుంది!

దీనికి మందు రచయిత దగ్గర ఉంది. బొమ్మ పెదవులు మూసిన చోట 'ప, బ, మ'లు పడేలా, నోరు తెరిచి ఆగిన చోట 'ఆ'కారం పడేలా మాటలు ఏరి కూర్చాలి. అర్థం చెడకూడదు, భావం చెడకూడదు, నోరు దాటకూడదు. తెలుగులో తొలి డబ్బింగు చిత్రంగా చెప్పే 'ఆహుతి' 1950లో వచ్చింది. హిందీ 'నీరా ఔర్ నందా'కు అది తెలుగు రూపం. దానికి మాటలు రాసింది మహాకవి శ్రీశ్రీ. అంతటివాడు పూనుకోవలసిన పని అది. మాట తర్వాత మాట తర్జుమా చేస్తే, మా మనవడు చూసిన ఎలుగుబంటిలాగా నోరు మూసుకున్నాక కూడా తెలుగు కారుతూనే ఉంటుంది.

ఇదంతా వినోదం సంగతి కదా, ఇంత పట్టింపు ఎందుకు అనవచ్చు. పసిపిల్లల మీద జరిగిన రెండు పరిశోధనలు చెబుతాను. మాట్లాడే మనిషి ముఖంలో పసివాళ్లు ఎక్కడ చూస్తారో 2012లో ప్రకటించిన ఒక అధ్యయనం గమనించింది. నాలుగు నెలల బిడ్డ కళ్లను చూస్తుంది. ఎనిమిది నెలలు వచ్చేసరికి చూపు నోటి మీదికి దిగుతుంది. అది మాటలు పేర్చుకునే వయసు. ఏడాది నిండేసరికి, మాట్లాడుతున్నది తన ఇంటి భాషే అయితే, చూపు మళ్లీ కళ్ల వైపు మళ్లడం మొదలవుతుంది. 2015లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఇంట్లో రెండు భాషలు వినే పసివాళ్లను పరీక్షించారు. వాళ్లు నోటిని మరింత ముందుగా, మరింత ఎక్కువకాలం చూస్తున్నారని తేలింది. రెండు భాషలను విడదీసి పట్టుకోవాలంటే వాళ్లకు నోరే ఆధారం. మన ఇళ్లలోని పిల్లలు సరిగ్గా ఇలాంటివాళ్లే. కార్టూన్లు చూస్తే పిల్లల మాట చెడిపోతుందని నేను అనను. ఒళ్లో కూర్చోబెట్టుకొని కథ చెప్పే నాయనమ్మ నోటికి తెర ఏనాటికీ సాటి రాదని మాత్రం అంటాను.

ఈ రోజుల్లో నోటిని జతపరిచే పని యంత్రాలు కూడా చేస్తున్నాయి. 2020లో విడుదలైన 'సైబర్‌పంక్ 2077' అనే వీడియో ఆటలో 10 భాషలకు వేర్వేరుగా పాత్రల నోళ్లు కదిలేలా కంప్యూటర్‌తో ఏర్పాటు చేశారు. ఏ భాష ఎంచుకుంటే నోరు ఆ భాషకు తగ్గట్టు కదులుతుంది. ఆ పదింటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. ఉచితంగా దొరికే సాధనాలూ ఉన్నాయి. ఓపెన్‌టూన్జ్, బ్లెండర్ అనేవి బొమ్మలు కదిలించడానికి. రూబార్బ్ అనేది గొంతు విని నోటి ఆకారాలు సూచించడానికి. రూబార్బ్‌కు ఇంగ్లీషు మాటలు తెలుసు. ఇతర భాషలకు శబ్దాన్ని బట్టి అంచనా వేస్తుంది. కాబట్టి తెలుగుకు అది ఇచ్చినదాన్ని మన చెవితో సరిచూసుకోవాలి. వర్ణమాల వచ్చిన హైస్కూలు పిల్లలు ఒక పూటలో నేర్చుకోగలిగిన పని ఇది. ఒక కంప్యూటర్, ఒక అద్దం, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఇందాక మనసులో పెట్టుకోమన్న నియమం దగ్గరకు ఇప్పుడు వస్తాను. రాసినదాన్ని కాదు, వినిపించినదాన్ని గీయాలి. పుస్తకాల తెలుగులో 'వస్తున్నాను' అంటాం. 'స్తు' దగ్గర పెదవులు చుట్టుకుంటాయి, చివరి 'ను' దగ్గర మళ్లీ చుట్టుకుంటాయి. రాయలసీమలోను, దాన్ని ఆనుకొని ఉన్న పక్క రాష్ట్రాల ఊళ్లలోను చాలా ఇళ్లలో 'వస్తాండా' అంటారు. ఇందులో మొదటి 'వ' దాటితే పెదవులకు పనే లేదు. నోరు బారుగా తెరుచుకునే ఉంటుంది. రెండూ తెలుగే, రెండు నోళ్లు వేరు. తెలుగులోకి వచ్చే బొమ్మల చిత్రాల్లో మీ ఊరి 'వస్తాండా' ఎన్నిసార్లు విన్నారు? విన్నా ఏ పాత్ర చేత పలికించారు? నవ్వించడానికి పెట్టిన పాత్ర చేతే కదా! హోసూరు అవ్వ మాటకు, బరంపురం తాత మాటకు తగిన నోరు ఇంతవరకు ఎవరూ గీయలేదంటే ఆ నోరు గీయడం కష్టమని కాదు. ఆ గొంతును ఎవరూ ముందుగా రికార్డు చేయలేదు.

బొమ్మలు చేసేవారి పద్ధతిలో నాకు ఎక్కువగా నచ్చినది ఇదే. గొంతు ముందు, బొమ్మ తర్వాత. గొంతు ఉంటే దానికి నోరు రేపు గీసుకోవచ్చు, పదేళ్లకు గీసుకోవచ్చు. మీ మనవడు పెద్దవాడై గీసుకోవచ్చు. గొంతు పోయాక ఎంత గొప్ప చిత్రకారుడైనా ఏమీ చేయలేడు. మా అమ్మ చెప్పే నక్క కథ ఒకటి ఉండేది. నక్క గొంతు వేరు, కాకి గొంతు వేరు, మధ్యలో తన దగ్గు వేరు. కథ నాకు జ్ఞాపకం ఉంది. మనవడికి చెబుతాను కూడా. కాని అందులో నక్క మాట్లాడేది బడి తెలుగు. మా అమ్మ నక్క ఎలా మాట్లాడేదో నా చెవిలో ఉంది, నా నోట్లో లేదు. అప్పట్లో ఇంట్లో టేపు రికార్డరు ఉంది. దానిలో సినిమా పాటలు రికార్డు చేసుకున్నాం.

శ్రోతలారా, ఇప్పుడు ప్రతి ఇంట్లోను చేతిఫోను ఉంది. ఈ వారంలో ఒక సాయంత్రం ఇంట్లోని పెద్దవారిని కూర్చోబెట్టి ఒక కథ చెప్పమనండి. ఫ్యాను ఆపండి, టెలివిజన్ కట్టేయండి, ఫోను వారి నోటికి మూరెడు దూరంలో పెట్టండి. మాట సరిదిద్దకండి. 'వస్తాండా' అంటే అననివ్వండి. మధ్యలో కన్నడ మాటో, ఒడియా మాటో దొర్లితే దొర్లనివ్వండి. మన తెలుగు అలాగే ఉంటుంది. వీలైతే మాట్లాడుతున్నప్పుడు ఆ ముఖాన్ని కూడా చిత్రీకరించండి. గీసేవాడికి రేపు అదే అద్దం అవుతుంది. ఆ రికార్డును పిల్లవాడి పేరుతో, తేదీతో దాచిపెట్టండి.

మా మనవడు అడిగిన ప్రశ్నకు ఆనాడు నేను సరైన జవాబు చెప్పలేదు. "ఎవరు మాట్లాడుతున్నారు తాతా?" అన్నాడు. ఎక్కడో ఒక గదిలో, ఎవరో ఒక మనిషి, వేరే భాషకు గీసిన నోట్లో మన భాషను ఇముడ్చుదామని తంటాలు పడుతున్నాడని చెప్పవలసింది. వాడు పెద్దయ్యాక మన మాటకే నోరు గీయాలని ఉంటే, వాడి చేతికి ఇవ్వడానికి ముందు మన దగ్గర ఆ మాట ఉండాలి.